పాత బ్యాటరీ కారు దానం: పుణ్యం దాతకు, భారం ఆశ్రమానికి?

కొనుగోలుకు రాయితీలు ఇచ్చిన ప్రభుత్వాలు దానం ఊసెత్తడం లేదు, ఆర్.సి. మారకపోతే దాత మెడకే చిక్కు

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): ఉక్కు నగరం భిలాయ్‌లో జి.ఇ. రోడ్డును ఆనుకొని దుర్గ్ వైపు విస్తరించిన నెహ్రూ నగర్ మధ్యతరగతి, ఎగువ మధ్యతరగతి కుటుంబాల కాలనీ. ఇక్కడి ఒక కుటుంబం 2020లో బ్యాటరీ కారు కొన్నదని అనుకుందాం. పిల్లలు పై చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిపోయారు. కారు వాకిట్లోనే నిలిచి ఉంటున్నది. సెకండ్ హ్యాండ్ వ్యాపారులు చెప్పిన ధర వింటే మనసు చివుక్కుమన్నది. అంత తక్కువకు అమ్ముకొనేకంటే ఏ వృద్ధాశ్రమానికో, అనాథ బాలల వసతి గృహానికో ఇస్తే పుణ్యమైనా దక్కుతుందన్న ఆలోచన ఆ ఇంటి పెద్దకు కలగడం సహజమే.

సంకల్పం మంచిదే. అయితే దాన్ని ఆచరణలో పెట్టబోయే దాతకు, దానం పుచ్చుకొనే సంస్థకు ఎదురయ్యే ప్రశ్నలు అనేకం. కొత్త విద్యుత్ వాహనాన్ని కొనిపించడానికి దేశంలో పన్ను రాయితీలు, సబ్సిడీలు, ప్రత్యేక విధానాలు అమలయ్యాయి. అదే వాహనం పాతబడిన తరువాత సేవా సంస్థకు చేరవేయడానికి మాత్రం ప్రత్యేక ఏర్పాటేదీ లేదు. ఫలితంగా దాత సదుద్దేశంతో ఇచ్చిన కారే కొన్నేళ్లలో సంస్థకు మోయలేని బరువుగా మారే ప్రమాదం పొంచి ఉన్నది.

రాయితీలన్నీ కొనుగోలుకే

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు ఏర్పాటైన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నాటి నుంచి దేశం నలుమూలల నుంచి ఉపాధి కోసం వచ్చినవారిలో తెలుగువారి సంఖ్యా గణనీయమే. మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లో చేరింది.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022లో విద్యుత్ వాహన విధానాన్ని ప్రకటించి, వాహన ధరలో 10 శాతం మేరకు, గరిష్ఠంగా లక్షన్నర రూపాయల వరకు రాయితీ ఇవ్వనున్నట్లు పేర్కొన్నది. అంతకు ముందే, 2019 ఆగస్టు 1 నుంచి, కేంద్రం విద్యుత్ వాహనాలపై జి.ఎస్.టి.ని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 వరకు మంజూరైన వాహన రుణాల వడ్డీపై ఏటా లక్షన్నర రూపాయల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు కూడా కల్పించింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములను 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మినహాయించింది.

ఇవన్నీ కొనేవారికి వర్తించిన రాయితీలేనన్నది గమనార్హం. పాత వాహనం విషయానికి వస్తే పరిస్థితి భిన్నంగా ఉన్నది. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో సమావేశమైన జి.ఎస్.టి. మండలి పాత విద్యుత్ వాహనాలతో సహా అన్ని పాత వాహనాల వ్యాపారంపై 18 శాతం పన్నును ఖరారు చేసింది. ఈ పన్ను వ్యాపారి లాభంపైన మాత్రమే పడుతుంది. ఒక వ్యక్తి తన సొంత కారును మరొక వ్యక్తికి నేరుగా అమ్ముకొంటే వర్తించదు. అయినా వ్యాపారి తన పన్ను భారాన్ని లెక్కలోకి తీసుకొనే పాత కారుకు ధర కడతాడన్నది మార్కెట్ ఎరిగిన సత్యమే.

80జి కింద డబ్బుకే గుర్తింపు

దానమనగానే పలువురికి ముందుగా స్ఫురించేది ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షన్. గుర్తింపు పొందిన సంస్థకు కారు ఇచ్చి రసీదు తీసుకొంటే దాని విలువ మేరకు పన్ను తగ్గుతుందని భావించేవారు తక్కువేమీ కాదు. ఇది అపోహ. 1961 నాటి చట్టం ప్రకారం డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే మినహాయింపు లభిస్తుంది. బియ్యం బస్తాలు, దుప్పట్లు, మందులు, కార్లు వంటి వస్తు రూప విరాళాలకు ఆ సౌకర్యం లేదు. నగదు విరాళమైనా 2 వేల రూపాయలు దాటితే చెల్లదు. చెక్కు ద్వారానో, బ్యాంకు బదిలీ ద్వారానో చెల్లించవలసిందే. పాత చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా పార్లమెంటు 2025లో ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ మూల సూత్రాన్ని మార్చలేదు. పైగా తక్కువ రేట్ల కొత్త పన్ను విధానాన్ని ఎంచుకొన్నవారికి ఇటువంటి విరాళాలపై మినహాయింపే లేదు.

దీన్నొక ఉదాహరణతో పరిశీలించవచ్చు. ఏడాదికి 12 లక్షల రూపాయల ఆదాయం కలిగి, పాత పన్ను విధానంలో కొనసాగుతున్న వ్యక్తి తన కారును 6 లక్షల రూపాయలకు అమ్మి, మొత్తాన్ని చెక్కు రూపంలో ఒక సేవా సంస్థకు ఇచ్చాడనుకుందాం. చాలా సంస్థల విషయంలో విరాళంలో సగానికే మినహాయింపు ఉంటుంది. అదైనా ఆదాయంలో 10 శాతానికి మించని విరాళంపైనే లెక్కకు వస్తుంది. అంటే 6 లక్షలలో లక్షా 20 వేలనే పరిగణించి, అందులో సగమైన 60 వేలను ఆదాయం నుంచి తగ్గిస్తారు. ఇతర మినహాయింపులు లేవనుకుంటే 30 శాతం రేటుపై అతనికి మిగిలేది 18 వేల రూపాయలు, దానిపై 4 శాతం సెస్సు. 6 లక్షల విరాళానికి దక్కే ఊరట ఇంతే. అదే వ్యక్తి కారునే నేరుగా దానం చేస్తే ఈ 18 వేలు కూడా రావు.

కాగా సొంత వాడకంలోని కారును ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా పరిగణించదు. అందువల్ల దాన్ని అమ్మినందుకు మూలధన లాభాల పన్ను పడదు. ఈ కోణం నుంచి చూస్తే కారును అమ్మి, సొమ్మును విరాళంగా ఇవ్వడమే లాభదాయకం. పన్ను మిగులు కోసమే దానం చేయదలచినవారు ఈ సంగతిని ముందే తెలుసుకోవడం మేలు.

అమెరికా నేర్చుకొన్న పాఠం

వాహన దానానికి పన్ను రాయితీ ఇస్తే సమస్య తీరిపోతుందా? అమెరికా అనుభవం అవునని చెప్పడం లేదు. పాత కార్లను సేవా సంస్థలకు, రేడియో కేంద్రాలకు ఇవ్వడం అక్కడ ఎంతోకాలంగా ఉన్న వాడుక. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది సుపరిచితమే. అయితే కారు విలువను దాతే నిర్ణయించుకొనే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది. అమెరికా కాంగ్రెస్‌కు అనుబంధంగా పనిచేసే జనరల్ అకౌంటింగ్ ఆఫీసు 2003 నవంబరులో వెల్లడించిన నివేదిక ప్రకారం, 2000 సంవత్సరపు రిటర్నులలో సుమారు 7 లక్షల 33 వేల మంది వాహన దానాలు చూపి 65 కోట్ల డాలర్లకు పైగా పన్ను తగ్గించుకొన్నారు. ఆ సంస్థ 54 దానాలను ప్రత్యేకంగా పరిశీలించగా, మూడింట రెండు వంతుల సందర్భాలలో సేవా సంస్థకు చేరినది దాత చూపిన విలువలో 5 శాతం గాని, అంతకంటే తక్కువ గాని అని తేలింది. మిగిలినదంతా దళారుల ఖర్చులకు, పెంచి చూపిన విలువలకు పోయిందన్నమాట.

దీంతో 2004లో చట్టాన్ని సవరించి, 2005 జనవరి నుంచి నిబంధనలను కఠినతరం చేశారు. సంస్థ ఆ కారును అమ్మివేస్తే, 500 డాలర్లకు మించిన దానాలలో అమ్మకపు ధర మేరకే దాతకు మినహాయింపు లభిస్తుంది. సంస్థ కారును స్వయంగా తన సేవా కార్యక్రమాలకు వాడినా, గణనీయంగా బాగు చేయించినా, పేదవారికి ఉచితంగా లేదా తక్కువ ధరకు ఇచ్చినా మార్కెట్ విలువ మేరకు మినహాయింపు వర్తిస్తుంది. దాత చెప్పిన విలువను పక్కనపెట్టి, సంస్థకు నిజంగా ఒనగూడిన మేలునే కొలబద్దగా తీసుకోవడం ఈ సవరణలోని కీలకాంశం. పాత విద్యుత్ కారు కొనేవారికి గరిష్ఠంగా 4 వేల డాలర్ల పన్ను రాయితీని కూడా ఆ దేశం 2023లో ప్రవేశపెట్టి, 2025 సెప్టెంబరు 30తో ముగించింది.

తాళాలు ఇస్తే సరిపోదు

మన దేశంలో దాతలు తరచు విస్మరించే అంశం ఆర్.సి. బదిలీ. పరిచయస్థులైన ఆశ్రమ నిర్వాహకుల చేతికి తాళాలు అందించి, ఫొటో దిగి, కాగితాల సంగతి తరువాత చూద్దామనుకోవడం కద్దు. ఇది ప్రమాదకరం.

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ఎవరి పేరిట రిజిస్ట్రేషన్ ఉంటే వారే యజమాని. ఒక కారు రిజిస్ట్రేషన్ మారకుండానే పలువురి చేతులు మారి, 2009లో ప్రమాదానికి గురైన కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇదే సూత్రాన్ని స్పష్టం చేసింది. వాహనాన్ని ఎప్పుడో అమ్మివేశానన్న వాదన చెల్లదని, రిజిస్టరులో పేరున్న వ్యక్తే నష్టపరిహారానికి బాధ్యుడని తీర్పు చెప్పింది. అమ్మకానికి వర్తించే ఈ సూత్రం దానానికీ వర్తిస్తుంది. ఆశ్రమం డ్రైవరు చేసిన ప్రమాదానికి నెహ్రూ నగర్‌లోని దాత కోర్టు మెట్లెక్కవలసి రావచ్చు.

ఒకే రాష్ట్రంలో బదిలీ అయితే పాత యజమాని 14 రోజులలోగా, కొత్త యజమాని 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలి. ఇందుకు 29, 30 నంబర్ల ఫారాలు ఉన్నాయి. బ్యాంకు రుణం తీరినా ఆర్.సి.లో బ్యాంకు పేరు తొలగకపోతే ముందుగా ఆ పని పూర్తి చేయించాలి. బీమా పాలసీని కూడా సంస్థ పేరిట మార్పించుకోవలసి ఉంటుంది. సంస్థ తరఫున సంతకం చేసేందుకు ట్రస్టు లేదా సొసైటీ తీర్మానం ఉండడం ఉభయులకూ క్షేమం.

స్వస్థలాభిమానంతో శ్రీకాకుళం జిల్లాలోని సొంత ఊరి ఆశ్రమానికి కారు పంపదలచే భిలాయ్ తెలుగువారికి మరో మెట్టు ఉన్నది. దుర్గ్ రవాణా కార్యాలయం నుంచి 28వ నంబరు ఫారంపై నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. వాహనాన్ని 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ నంబరు పొందాలి. అక్కడి రోడ్డు పన్ను నిబంధనలు పాత వాహనానికి ఎలా వర్తిస్తాయో ముందుగానే విచారించుకోకపోతే, ఉచితంగా వచ్చిన కారు కోసం సంస్థ ఖజానా నుంచి సొమ్ము తీయవలసి వస్తుంది.

కారు విలువంతా బ్యాటరీలోనే

పెట్రోలు కారు పాతబడితే మరమ్మతులు కొద్దికొద్దిగా వస్తాయి. వీధి చివరి మెకానిక్కు సైతం వాటిని సరిచేయగలడు. విద్యుత్ కారులో ఖరీదైన భాగం బ్యాటరీ. అది క్షీణించే కొద్దీ ఒకసారి చార్జి చేస్తే నడిచే దూరం తగ్గుతుంది. వారంటీ గడువు దాటిన తరువాత పూర్తిగా మార్చవలసి వస్తే ఖర్చు లక్షలలో ఉంటుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే భిలాయ్ వంటి చోట్ల ఎండలో నిలిపి ఉంచడం, నిత్యం పూర్తిగా చార్జి చేసి వదిలివేయడం వంటి అలవాట్లు లిథియం బ్యాటరీ ఆయువును హరిస్తాయి. అందువల్ల వాహనం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్కతో పాటు, బ్యాటరీ సామర్థ్యం ఎంత మిగిలి ఉన్నదో అధీకృత సర్వీసు కేంద్రం నుంచి లిఖితపూర్వకంగా తీసుకోవడం అవసరం.

దేశంలో విరివిగా అమ్ముడైన టాటా నెక్సాన్ విద్యుత్ కారు 2020 జనవరిలో మార్కెట్లోకి వచ్చింది. దాని బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇచ్చారు. ఆ లెక్కన తొలి విడత కార్ల వారంటీ 2028 నుంచి ముగుస్తుంది. మధ్యతరగతి కుటుంబాలు పాత కారును వదిలించుకోవాలనుకొనే కాలమూ, వారంటీ ముగిసే కాలమూ ఒక్కటే కావడం ఇక్కడ ఆలోచించదగిన విషయం. అనంతర కాలంలో కొన్ని కంపెనీలు ప్రకటించిన జీవితకాలపు వారంటీ తొలి యజమానికే పరిమితం. చేతులు మారితే గడువు కుదించుకుపోతుంది. దానం కూడా చేతులు మారడమేనన్నది సంస్థలు గుర్తెరగాలి.

2024 సెప్టెంబరులో ఎం.జి. విండ్సర్ కారుతో మరో పద్ధతి ప్రాచుర్యంలోకి వచ్చింది. కారుకు 9 లక్షల 99 వేల రూపాయలు చెల్లించి, బ్యాటరీకి మాత్రం కిలోమీటరుకు మూడున్నర రూపాయల లెక్కన కట్టే ఏర్పాటది. ఇటువంటి పథకం కింద కొన్న కారును దానమిస్తే బ్యాటరీ బకాయి ఎవరు తీర్చాలన్న ప్రశ్న తలెత్తక మానదు. ఆ ఒప్పందాన్ని ముందుగా ముగించుకొన్న తరువాతే దానం గురించి ఆలోచించడం సమంజసం.

ఏ దానం ఫలిస్తుంది?

ఇంతమాత్రాన పాత విద్యుత్ కారు దానం పనికిరానిదని తీర్మానించడం సరికాదు. పరిమిత దూరం, నిర్ణీత మార్గం, రాత్రివేళ విశ్రాంతి ఉన్న పనులకు అది ఎంతో అనువైనది. వృద్ధులను ఆస్పత్రికి తీసుకుపోయి తీసుకురావడం, పిల్లలను బడిలో దింపడం, వంటశాల నుంచి భోజనం చేరవేయడం అటువంటివే.

రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 900 కిలోమీటర్లు తిరిగే ఆశ్రమాన్ని తీసుకుందాం. 30 యూనిట్ల బ్యాటరీ 200 కిలోమీటర్లు నడుస్తుందని, యూనిట్ విద్యుత్తుకు 8 రూపాయలని లెక్కిస్తే కిలోమీటరుకు రూపాయి 20 పైసలు, నెలకు 1,080 రూపాయలు అవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు, లీటరు 100 రూపాయల చొప్పున, నెలకు 6 వేలు అవుతుంది. నెలకు దాదాపు 5 వేలు, ఏడాదికి దాదాపు 60 వేలు మిగులు. ఆశ్రమానికి ఇది చిన్న మొత్తం కాదు. అయితే రెండేళ్లలో బ్యాటరీ చెడిపోయి, మార్చేందుకు 6 లక్షలు కావలసి వచ్చిందనుకుంటే, పదేళ్ల మిగులు ఒక్క దెబ్బతో హరించుకుపోతుంది. దానంలో లాభనష్టాలను నిర్ణయించేది బ్యాటరీయేనని ఈ లెక్క విశదం చేస్తున్నది.

పెద్ద సంస్థలకు ఈ చిక్కు తక్కువ. తిరుమలలో భక్తుల ఉచిత రవాణా కోసం మేఘా ఇంజనీరింగ్ సంస్థ 10 విద్యుత్ బస్సులను విరాళంగా సమర్పించగా, 2023 మార్చిలో తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని ప్రవేశపెట్టింది. అవి కొత్త బస్సులు. నిర్వహణ సిబ్బంది, స్థలం, ఆర్థిక స్తోమత దేవస్థానానికి ఉన్నాయి. ఇరవై మంది వృద్ధులతో నడిచే చిన్న ఆశ్రమానికి చార్జింగు కోసం ప్రత్యేక వైరింగు, సరైన ఎర్తింగు ఏర్పాటు చేసుకోవడమే అదనపు ఖర్చు.

వాహనం అవసరం లేని సంస్థ దాన్ని స్వీకరించి అమ్ముకోవడం మరో మార్గం. ఇక్కడ పారదర్శకత ముఖ్యం. మహీంద్రా కంపెనీ 2021 డిసెంబరులో కేరళలోని గురువాయూర్ శ్రీకృష్ణ ఆలయానికి కొత్త థార్ వాహనాన్ని సమర్పించింది. అది విద్యుత్ వాహనం కాకపోయినా ఆ ఉదంతం ప్రస్తావించదగినది. అదే నెలలో జరిపిన వేలంలో ఒక్కరే పాల్గొనగా 15 లక్షల 10 వేల రూపాయలకు ఖరారు చేశారు. దానిపై వివాదం చెలరేగి కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. 2022 జూన్‌లో తిరిగి వేలం వేయగా 43 లక్షలు పలికింది. నలుగురికీ తెలిసేలా వేలం వేయడం వల్ల ఆలయానికి దాదాపు 28 లక్షల రూపాయలు అదనంగా సమకూరాయి.

చివరి మజిలీ సంగతి

దానంగా అందిన కారు బ్యాటరీ ఎప్పటికైనా పూర్తిగా నిరుపయోగమవుతుంది. అప్పుడు దాన్ని పాత ఇనుప సామాను వ్యాపారికి వేయడం చట్టవిరుద్ధం, ప్రాణాపాయం కూడా. 2022 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన వ్యర్థ బ్యాటరీల నిర్వహణ నిబంధనల ప్రకారం, పాత బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత ఉత్పత్తిదారులదే. వాటిని భూమిలో పూడ్చడం, తగులబెట్టడం నిషిద్ధం. వాడకందారు వాటిని ఇతర చెత్తతో కలపకుండా సేకరణ, పునర్వినియోగ సంస్థలకే అప్పగించాలి. కారుకు చాలని బ్యాటరీ సైతం సౌర విద్యుత్తును నిల్వ చేసేందుకు కొంతకాలం ఉపకరించే అవకాశం ఉన్నది. ఈ బాధ్యత ఎవరిదో దాన పత్రంలోనే రాసుకోవడం ఉచితం.

ఈ నేపథ్యంలో ప్రభుత్వాలు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. పాత విద్యుత్ వాహనం చేతులు మారేటప్పుడు బ్యాటరీ స్థితిగతుల ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేయడం మొదటిది. గుర్తింపు పొందిన సేవా సంస్థకు దానమిచ్చిన వాహనానికి తొలి యజమాని వారంటీ కొనసాగేలా కంపెనీలను ఒప్పించడం రెండవది. రాష్ట్రం దాటే దాన వాహనాలపై రోడ్డు పన్ను మినహాయింపు మూడవది. వస్తు రూప దానానికి పన్ను రాయితీ కల్పించదలిస్తే, అమెరికా మాదిరిగా సంస్థకు నిజంగా అందిన విలువనే ప్రాతిపదికగా తీసుకోవడం శ్రేయస్కరం.

అంతవరకు నిర్ణయం దాతకు, సంస్థకు మధ్య జరిగే మాటలపైనే ఆధారపడి ఉంటుంది. బ్యాటరీ పటిష్ఠంగా ఉండి, వారంటీ కొంతకాలం మిగిలి, కాగితాలు సక్రమంగా మారి, సంస్థకు రోజూ దగ్గరి ప్రయాణాల అవసరం ఉంటే కారునే ఇవ్వవచ్చు. వీటిలో ఏది కొరవడినా అమ్మి, చెక్కు ఇవ్వడమే ఉత్తమం. కారు ఇచ్చే దాత తొలి ఏడాది బీమాకు, చార్జింగు ఏర్పాటుకు అయ్యే సొమ్మును కూడా జతచేస్తే ఆ దానం ఆశ్రమానికి బరువు కాకుండా ఉంటుంది. నెహ్రూ నగర్ వాకిట్లో నిలిచి ఉన్న కారు కదలడానికి ముందు ఆ ఇంటి పెద్ద ఆశ్రమ నిర్వాహకులను అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: వారికి కావలసినది కారా, దాని ఖరీదా?